మన సీఎం మనూళ్లో గెలవలేదు!
మద్రాసు నుంచి వెలగపూడి దాకా... అనంతపురం కళ్లతో మన అసెంబ్లీ కథ

2024 జూన్ 12. గన్నవరం దగ్గర కేసరపల్లిలో కొత్త మంత్రివర్గం ప్రమాణ స్వీకారం చేస్తోంది. నేను బెంగళూరులో ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని ఫోన్‌లో లైవ్ చూస్తున్నాను. మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ ఆగకుండా మోగుతోంది. ఉరవకొండ నుంచి పయ్యావుల కేశవ్. ధర్మవరం నుంచి సత్యకుమార్ యాదవ్. పెనుకొండ నుంచి సవిత. "ఉమ్మడి జిల్లాకి మూడు!" అని మా బాబాయి పెట్టిన మెసేజ్ కింద వరసగా దండాలు, పూలు, పటాకులు.

సాయంత్రం ఊరికి ఫోన్ చేసి అవ్వకి ఇదే మాట చెప్పాను. మా ఊరు ఉరవకొండ పక్కనే. అవ్వ అంతా విని, "మంత్రులు ముగ్గురైతే సంతోషమే అబ్బీ. కాలవకి నీళ్లు ఎప్పుడిడుస్తారో అది కనుక్కో" అంది.

నవ్వేసి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ మాట వదల్లేదు. అసలు మన జిల్లాకి ఎన్ని పదవులొచ్చాయి, వాటితో పాటు ఏమొచ్చింది? ఆ లెక్క తీద్దామని మొదలుపెడితే, అది నన్ను ఏకంగా 1937 దాకా తీసుకెళ్లింది. ఈ కథలో ఒక్క ఓటుతో కూలిన ప్రభుత్వం ఉంది, బావ మీద గెలిచిన బావమరిది ఉన్నాడు, పాతికేళ్లు నడిచిన ఒక వింత సెంటిమెంట్ కూడా ఉంది.

అమృతాంజనం ఆయన ఇంట్లో ఒప్పందం

అప్పట్లో మనకు సొంత అసెంబ్లీ లేదు. మనం మద్రాసు రాష్ట్రంలో ఉండేవాళ్లం. 1937లో అక్కడి శాసనసభలో 215 సీట్లు. తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం మాట్లాడేవాళ్లంతా ఒకే సభలో కూర్చునేవాళ్లు. ప్రధానిగా రాజాజీ ఉండేవారు. ఆ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వ అధినేతను కూడా ప్రధాని అనే పిలిచేవాళ్లు.

తెలుగువాళ్లకు వేరే రాష్ట్రం కావాలని కోస్తా నాయకులు గట్టిగా అడుగుతున్నారు. సీమ నాయకులకు మాత్రం ఒక భయం. కొత్త రాష్ట్రం వస్తే సభలో మెజారిటీ కోస్తాదే అవుతుంది, అక్కడ జనం ఎక్కువ కాబట్టి సీట్లూ ఎక్కువ. నిన్నటిదాకా మద్రాసు వాళ్ల చేతిలో ఉన్నాం, రేపు బెజవాడ వాళ్ల చేతిలో పడతామేమో. ఇదీ వాళ్ల అనుమానం.

ఆ అనుమానం తీర్చడానికే 1937 నవంబర్ 16న మద్రాసులో 'శ్రీబాగ్' అనే ఇంట్లో రెండు ప్రాంతాల పెద్దలు కూర్చున్నారు. ఆ ఇల్లు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. తలనొప్పొస్తే రాసుకునే అమృతాంజనం ఉంది కదా, దాన్ని మొదలుపెట్టింది ఆయనే. అనంతపురం జిల్లా తరఫున సంతకం పెట్టినవాళ్లలో హిందూపురం ప్రాంతపు కల్లూరు సుబ్బారావు, అనంతపురం పప్పూరు రామాచార్యులు ఉన్నారు.

ఏం రాసుకున్నారు? తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమకు, నెల్లూరుకు మొదటి ప్రాధాన్యం. శాసనసభ సీట్లు జనాభాను బట్టి కాకుండా జిల్లాకు సమానంగా. రాజధాని ఒక ప్రాంతంలో, హైకోర్టు ఇంకో ప్రాంతంలో, రెండింట్లో ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా యూనివర్సిటీ కేంద్రం.

చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ అది చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. దాన్ని అమలు చేసి తీరాలని ఏ సభనూ, ఏ కేబినెట్‌నూ కట్టిపడేసే బలం ఆ కాగితానికి లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. తర్వాత కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

బావ మీద గెలిచిన బావమరిది

1952. స్వతంత్ర భారతంలో తొలి సాధారణ ఎన్నికలు. మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం. సభలో ఇప్పుడు 375 సీట్లు.

అనంతపురంలో కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. జిల్లాలోని ఇల్లూరులో 1913లో పుట్టారు. అప్పటికే మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా చేశారు. మద్యనిషేధం, గృహనిర్మాణం, అడవుల శాఖలు చూశారు. రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీపడి ఎన్.జి.రంగా అంతటివారిని ఓడించారు. ఆయనకు ఎదురుగా నిలబడింది కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి. ఇద్దరూ స్వయానా బావ, బావమరుదులు.

గెలిచింది బావమరిది.

సంజీవరెడ్డి కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు ఎవరైనా. కానీ నాలుగేళ్లు తిరిగేసరికి ఆయనే ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి! అదెలా అంటే, ఇంకో నియోజకవర్గం నుంచి. మొదటిసారి సీఎంగా ఉన్నప్పుడు ఆయన చిత్తూరు జిల్లా శ్రీకాళహస్తి ఎమ్మెల్యే. రెండోసారి సీఎం అయినప్పుడు కర్నూలు జిల్లా డోన్ ఎమ్మెల్యే. తర్వాత 1977లో ఎంపీగా గెలిచిందేమో నంద్యాలలో. ఆ గెలుపే ఆయన్ని లోక్‌సభ స్పీకర్‌ను, అదే ఏడాది రాష్ట్రపతిని చేసింది.

అంటే మన జిల్లా దేశానికి ఇచ్చిన అతి పెద్ద నాయకుడు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో మన జిల్లా ఎమ్మెల్యే కాదు. నాకు ఇది తెలిసినప్పుడు నిజంగా ఆశ్చర్యమేసింది. స్కూల్లో ఆయన పుట్టిన ఊరు బట్టీ పట్టించారు, ఈ మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.

నాగిరెడ్డి కథ ఇంకో దారి. 1957లో అనంతపురం ఎంపీ అయ్యారు, తర్వాత ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి వచ్చారు. చివరికి ఈ సభల వల్ల పేదవాడి బతుకు మారదని తేల్చుకుని 1969లో ఎమ్మెల్యే పదవికే రాజీనామా చేశారు. ఎమర్జెన్సీలో అజ్ఞాతంలో ఉండగా 1976లో చనిపోయారు. ఒకే కుటుంబంలో ఒకరు చట్టసభల మెట్లు ఎక్కుతూ రాష్ట్రపతి భవన్ దాకా వెళ్లారు, ఇంకొకరు ఆ మెట్లు తనంతట తానే దిగిపోయారు.

ఒక్క ఓటు!

1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు ప్రాణాలు వదిలాక ఆంధ్ర రాష్ట్రం ఖాయమైంది. 1953 అక్టోబర్ 1న కర్నూలులో నెహ్రూ ప్రారంభించారు. శ్రీబాగ్ మాట ప్రకారం సీమ రాజధానిని కోరుకుంది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. ప్రభుత్వ ఆఫీసులకు భవనాలు చాలక గుడారాలు వేశారు. 'గుడారాల రాజధాని' అనే పేరు అప్పటిదే. బళ్లారి మైసూరుకు పోయింది. ఆ జిల్లాలోని రాయదుర్గం మాత్రం మనకొచ్చింది, ఇవాళ్టికీ అనంతపురం జిల్లాలోనే ఉంది.

సభలో 140 మంది. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం, ఉప ముఖ్యమంత్రి సంజీవరెడ్డి. ఎవరికీ సొంతంగా మెజారిటీ లేదు. మద్యనిషేధం మీద గొడవ మొదలైంది. నిషేధం విఫలమైంది, ఎత్తేయండని రామమూర్తి కమిటీ చెప్పింది, ప్రభుత్వం ఆ పని చేయలేదు. 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలిపోయింది. తొలి కేబినెట్ ఆయుష్షు పదమూడు నెలలు.

'నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే' అనే ఫ్రెండ్స్ మీకూ ఉంటారు. వాళ్లకి ఈ పేరా స్క్రీన్‌షాట్ తీసి పంపండి.

1955 మధ్యంతర ఎన్నికల తర్వాత బెజవాడ గోపాలరెడ్డి సీఎం. 1956 నవంబర్ 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాక శాసనసభా పక్ష నాయకత్వం కోసం గోపాలరెడ్డి, సంజీవరెడ్డి పోటీపడితే సంజీవరెడ్డి గెలిచారు. రాజధాని హైదరాబాద్‌కు మారింది. కర్నూలు ముచ్చట మూడేళ్లే.

మరి నీళ్లు? కృష్ణ నీళ్లను పెన్నకు మళ్లించే కృష్ణా-పెన్నా ప్రాజెక్టును మద్రాసు ప్రభుత్వం తలపెట్టింది. అది మనల్ని దాటి తమిళనాడు వైపు పోతుందని కోస్తాలో వ్యతిరేకత వచ్చింది. ఖోస్లా కమిటీ నందికొండ వైపు మొగ్గింది. అదే నాగార్జునసాగర్, 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగింది. సాగర్ లక్షల ఎకరాలకు అన్నం పెట్టింది, కాదనలేం. కానీ శ్రీబాగ్‌లో రాసుకున్న మొదటి షరతు మాత్రం కాగితం మీదే మిగిలింది. యూనివర్సిటీ సంగతీ అంతే. 1954లో తిరుపతికి వెంకటేశ్వర యూనివర్సిటీ వచ్చింది. అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ వచ్చింది 1981లో. మాట ఇచ్చిన 44 ఏళ్లకు!

హిందూపురం: సీఎం గారి సీటు

సంజీవరెడ్డి 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ఘాటుగా వ్యాఖ్యలు చేయడంతో పదవి వదిలేశారు. ఆ తర్వాత కాసు, పీవీ, జలగం, చెన్నారెడ్డి... సీఎంలు మారుతూ పోయారు. 1980లో వచ్చిన అంజయ్య గారు అరవై మందికి పైగా మంత్రులను పెట్టుకుంటే దానికి 'జంబో కేబినెట్' అని పేరొచ్చింది. ఇప్పుడు అలా కుదరదు. 2003 నాటి 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం సభలో 15 శాతానికి మించి మంత్రులుండకూడదు. మన 175 సీట్ల సభకు సీఎంతో కలిపి 26 మందే. ఒక్క పదవి కోసం అంత కొట్లాట ఎందుకో ఇప్పుడు అర్థమైందా?

1983లో ఎన్టీఆర్ ప్రభంజనం. 1985 ఎన్నికల్లో ఆయన గుడివాడ, నల్గొండ, హిందూపురం మూడు చోట్ల నిలబడి మూడింటా గెలిచారు. ఉంచుకున్నది మాత్రం హిందూపురం! అక్కడ మొదలైన బంధం ఇప్పటికీ తెగలేదు. 1989లో పార్టీ ఓడింది, కల్వకుర్తిలో ఆయనే ఓడారు, హిందూపురం మాత్రం గెలిపించింది. 1994లో మళ్లీ హిందూపురం, మళ్లీ సీఎం. ఆయన పోయాక 1996 ఉప ఎన్నికలో హరికృష్ణ, 2014 నుంచి వరసగా మూడుసార్లు బాలకృష్ణ. 1983 తర్వాత తెలుగుదేశం ఆ సీటు పోగొట్టుకోలేదు.

తమాషా చూడండి. అనంతపురంలో పుట్టినాయన బయట గెలిచి సీఎం అయ్యారు. కృష్ణా జిల్లాలో పుట్టినాయన అనంతపురంలో గెలిచి సీఎంగా ఉన్నారు.

మా అవ్వ ఎన్టీఆర్‌ను కళ్లారా చూసింది. చైతన్య రథం మీద నిలబడి మాట్లాడుతుంటే ఎండలో మూడు గంటలు నిలబడిందట. "రాముణ్ణి చూసినట్టే ఉండె" అంటుంది. మరి అప్పుడు నీళ్లొచ్చాయా అవ్వా అంటే నవ్వుతుంది. 1990ల మధ్యలో జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీటి పైపులు వేసింది పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు. బిందెలు పట్టుకుని కోసులు నడిచిన ఆడవాళ్లకు ఆ కొళాయి ఏమిటో తెలుసు. సీఎం సీటు మన జిల్లాలో ఉన్న కాలంలోనే, ఆ పని ప్రభుత్వం కాక ఒక ట్రస్టు చేయాల్సి వచ్చింది.

ఉరవకొండ 'శాపం'

ఇప్పుడు మా నియోజకవర్గం కథ. ఉరవకొండలో గెలిచిన పార్టీ రాష్ట్రంలో ఓడిపోతుందని ఒక సెంటిమెంట్ ఉండేది. నవ్వకండి, లెక్క చూడండి.

1999లో ఇక్కడ కాంగ్రెస్, రాష్ట్రంలో తెలుగుదేశం. 2004లో, 2009లో ఇక్కడ తెలుగుదేశం, రాష్ట్రంలో కాంగ్రెస్. 2014లో ఇక్కడ వైఎస్సార్ కాంగ్రెస్, రాష్ట్రంలో తెలుగుదేశం. 2019లో ఇక్కడ తెలుగుదేశం, రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్. వరసగా ఐదుసార్లు! పాతికేళ్లు మా ఎమ్మెల్యే ప్రతిపక్షంలోనే కూర్చున్నాడు. పక్కనున్న శింగనమలది దీనికి సరిగ్గా ఎదురు. 2009, 2014, 2019, 2024... అక్కడ గెలిచిన పార్టీదే రాష్ట్రంలో ప్రభుత్వం.

2024లో ఉరవకొండ శాపం తీరింది. ఉమ్మడి జిల్లాలో 14కు 14 సీట్లూ కూటమే గెలిచింది. కేశవ్ ఏకంగా ఆర్థిక మంత్రి అయ్యారు. 2025-26కి 3.22 లక్షల కోట్ల బడ్జెట్ సభలో చదివింది మా ఎమ్మెల్యేనే. ఆ రోజు మా గ్రూప్‌లో పటాకుల ఎమోజీలు జూన్ 12 కన్నా ఎక్కువే పేలాయి.

కానీ లెక్క తీస్తుంటే నాకు ఒక ఇబ్బందికరమైన నిజం తగిలింది. మా నియోజకవర్గంలోని జీడిపల్లి రిజర్వాయర్‌కు హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు మొదటిసారి చేరింది 2012లో. అప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం, మా ఎమ్మెల్యే ప్రతిపక్షం. అంటే మాకు మంత్రి లేని కాలంలోనే నీళ్లొచ్చాయి!

ఎలా? హంద్రీ-నీవాను తలపెట్టింది 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం. పనులు ఊపందుకున్నది 2004 తర్వాత వైఎస్ హయాంలో. శ్రీశైలం వెనుక జలాల నుంచి 40 టీఎంసీలు, మల్యాల దగ్గర మొదలుపెట్టి మెట్టు మెట్టుగా మోటార్లతో ఎత్తిపోయాలి. నీళ్లు జీడిపల్లికి వచ్చేసరికి కిరణ్‌కుమార్ రెడ్డి సీఎం. కాలువ మొదటి దశను వెడల్పు చేసి నీళ్లు వదిలింది 2025లో, చంద్రబాబు ప్రభుత్వం. ఒకరినొకరు తిట్టుకునే పార్టీలు, ఒకే కాలువ. ఏ ఒక్క కేబినెట్టూ దాన్ని ఒంటిచేత్తో కట్టలేదు.

మరి లెక్క తేలిందా?

కొంత తేలింది. సీమ నుంచి సీఎంలకు ఎప్పుడూ కొరత లేదు. సంజీవరెడ్డి, సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, చంద్రబాబు, వైఎస్, కిరణ్, జగన్. ఏడుగురు! అయినా శ్రీబాగ్ షరతులు నెరవేరలేదు. ఎందుకంటే సీఎం ఎక్కడివాడైనా సభలో చేతులెత్తేది అందరూ. ఇవాళ 175లో సీమ సీట్లు 52. తక్కిన సీట్లలో ఉన్నవాళ్లను ఒప్పించకుండా ఏ పద్దూ పాస్ కాదు. 1937లో ఆ పెద్దలు భయపడింది సరిగ్గా ఈ అంకెలకే. సీట్లు జిల్లాకు సమానంగా కావాలని వాళ్లు ఊరికే అడగలేదు. జనం బతుకుతెరువుకు బెంగళూరు బస్సెక్కే జిల్లాలో జనాభా లెక్కను బట్టి సీట్లు అంటే ఏమవుతుందో మీరే ఆలోచించండి. ఆ బస్సులో నేనూ ఉన్నాను.

ఇంకోటి కూడా తేలింది. ఒప్పందాలు చిరిగిపోయాయి, సెంటిమెంట్లు మారిపోయాయి, మంత్రులు వచ్చి వెళ్లారు. 2022 ఏప్రిల్‌లో అయితే 24 మంది మంత్రులు ఒకేరోజు రాజీనామాలిచ్చేశారు. కానీ ఏటా బడ్జెట్ పుస్తకంలో పేరు ఎక్కుతూ వచ్చిన పని మాత్రం ఆలస్యంగానైనా ఊరికి చేరింది. పదవి ఐదేళ్లది. పద్దు ఎవరు అడిగితే వాళ్లది, ఎన్నేళ్లు అడిగితే అన్నేళ్లది.

అందుకే ఈసారి నేను గ్రూప్‌లో పటాకులు పెట్టడం మానేశాను. బడ్జెట్ రోజున నీటిపారుదల పద్దులో హంద్రీ-నీవా ఎదురుగా ఉన్న అంకె వెతికి, పోయినేడాది అంకె పక్కన పెట్టి పోస్ట్ చేస్తున్నాను. మొదట్లో ఎవరూ లైక్ కొట్టలేదు. ఇప్పుడు బాబాయే అడుగుతున్నాడు, "తుంగభద్ర హెచ్చెల్సీకి ఎంతిచ్చినారు రా?" అని.

మొన్న పండక్కి ఊరికి పోయినప్పుడు అవ్వకి ఇదంతా చెప్పాను. శ్రీబాగ్, ఒక్క ఓటు, బావ బావమరిది, అన్నీ. ఓపిగ్గా విని, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ అదే అడిగింది.

"అంతా బాగుంది అబ్బీ. నీళ్లెప్పుడిడుస్తారో కనుక్కున్నావా?"